ఫ్రాంచెస్కో రెడి చరిత్రము

పేరు వినినవారు ఈయన నెల్లూరివాడో కడపవాడో యని భ్రమపడవచ్చును గాని, ఫ్రాంచెస్కో రెడి ఇటలీ దేశస్థుడు. పదునేడవ శతాబ్దమున టస్కనీ రాజ్యమునకు రాజవైద్యుడుగా నుండెను. కుళ్లిన మాంసమునుండి ఈగలు పుట్టవని ఋజువు చేసినవాడని విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకములలో ఈయనను గూర్చి రెండు మూడు పంక్తులుండుట విద్యార్థు లెఱుగుదురు. ఆ పంక్తులలో చేరని పని యొకటి ఈయన చేసెను. సింహము మొదలు కుందేలు వఱకు, డేగ మొదలు చేప వఱకు, చేతికి దొరికిన జంతువు నెల్ల కోసి, దాని ప్రేగులలోను, కార్జములోను, ఊపిరితిత్తులలోను నివసించు పురుగులను వెదకి, చూచినది చూచినట్లు వ్రాసి, బొమ్మలతో గ్రంథముగా ప్రకటించెను. జంతువుల లోపల బ్రతుకు పురుగులను గూర్చిన శాస్త్రమునకు ఈయనయే మూలపురుషుడని పండితులు చెప్పుచున్నారు. మన పాఠశాలకు పిల్లలను పంపు తలిదండ్రులలో గొఱ్ఱెలు, మేకలు, బఱ్ఱెలు గలవారు పెక్కుమంది కలరు గనుక, ఈ చరిత్రము వారికిని అక్కఱకు వచ్చునని తలంచి కొంత విపులముగా వ్రాయుచున్నాను.

రెడి క్రీ. శ. 1626వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన అరెజ్జో పట్టణమున జన్మించెను. తండ్రి గ్రెగోరియో రెడి పేరుగల వైద్యుడు. కుమారుడు ఫ్లారెన్సు నగరమున జెసూయిట్ గురువులయొద్ద చదివి, పిదప పీసా విశ్వవిద్యాలయమున చేరి, 1647లో, తన యిరువదియొకటవ యేట, తత్త్వశాస్త్రమునందును వైద్యమునందును పట్టము పొందెను. తరువాత కొన్ని యేండ్లు రోము, నేపుల్సు, బొలోన్యా, పాదువా, వెనిసు నగరములు తిరిగెను. రోములో కొలోన్నా ప్రభువుల యింట అలంకారశాస్త్రము బోధించెను. ఇంత గొప్పవాడు కొంతకాలము మావంటి యుపాధ్యాయుడుగా నుండెనని తెలిసినప్పుడు మాకు కొంచెము గర్వము కలిగినచో చదువరులు క్షమింతురు గాక.

ఆ కాలమున టస్కనీని ఏలినవారు మెడీచి వంశస్థులు. దూరదర్శినితో ఆకాశమును పరికించిన గెలీలియో వారి యాశ్రయముననే యుండి, 1633లో రోమునగరపు మతన్యాయసభచే శిక్షింపబడి, 1642లో ఫ్లారెన్సు చెంత మరణించెను. అప్పటికి రెడి పదునాఱేండ్లు నిండని బాలుడు. గెలీలియో పోయినను ఆయన నేర్పిన పద్ధతి పోలేదు. 1657లో రాజసోదరుడగు లెయొపోల్డు, ప్రభువగు రెండవ ఫెర్డినాండు కలిసి ఫ్లారెన్సులో ఒక పండిత పరిషత్తును స్థాపించిరి. దాని పేరునకు పరీక్షల పరిషత్తు అని యర్థము. పూర్వగ్రంథములలో నున్నదని దేనిని నమ్మక, చేసి చూచి తెలిసికొనవలెనన్నదే దాని నియమము. ఆ పరిషత్తు పదియేండ్లే నిలిచినను, అందు పని చేసినవారిలో రెడి యొకడు. ఆయన ఫెర్డినాండు ప్రభువునకును, 1670 తరువాత మూడవ కోసిమో ప్రభువునకును ప్రధానవైద్యుడై, రాజనగరులోని యౌషధశాలకు అధికారియై జీవితమంతయు గడపెను.

ఔషధశాలాధికారి కాబట్టియే ఆయనకు పాములతో పని పడెను. ఆ దినములలో తిరియాక మను సర్వరోగనివారిణి నొకదానిని చేయుటకు విషసర్పముల మాంసము కావలసియుండెను. ఆ సర్పములు మన రక్తపింజరికి దూరపు చుట్టములు. అవి రాశులుగా రాజనగరికి వచ్చుచుండెను. పాము విషము దాని పిత్తకోశములో నుండునని కొందఱు, దాని కోపములో నుండునని కొందఱు పండితులు వాదించుచుండిరి. రెడి పాముల తలలను కోసి, కోఱల మొదట నున్న తిత్తిలోని పసుపుపచ్చని ద్రవమే విషమని చూపెను. అది గాయములో పడి రక్తముతో కలిసిననే చంపును గాని, మ్రింగినవానికి హాని చేయదని చెప్పెను. పాములు పట్టువాడొకడు ఆ విషమును అందఱి యెదుట మ్రింగి, ఏమియు కాకుండ నిలువబడెనట! (విద్యార్థులు దీనిని పరీక్షింప బోరాదు. నోటిలో చిన్న పుండున్నను ప్రాణాపాయము.) ఈ సంగతులను ఆయన 1664లో తన మొదటి గ్రంథముగా ప్రకటించెను.

మన దేశమునకు సంబంధించిన పరీక్షయు ఆయన చేసినది యొకటి కలదు. హిందూదేశమునుండి తిరిగి వచ్చిన సన్న్యాసులు కొందఱు పాముకాటున కంటించిన విషమును పీల్చివేయు రాళ్లని చెప్పి కొన్నిటిని మెడీచి ప్రభువులకు సమర్పించిరి. మన పల్లెలలోను అట్టి రాళ్లను దాచియుంచుకొనువారు కలరు. రెడి విషమెక్కించిన పక్షుల గాయములపై ఆ రాళ్లను అంటించి చూచెను. పక్షులు చచ్చెను. ఆ సంగతిని 1671లో, అట్టి రాళ్ల మహిమను గట్టిగా నమ్మిన జెసూయిట్ పండితుడగు కిర్చెరు పేరనే లేఖారూపమున వ్రాసి ప్రకటించెను. తనకు చదువు చెప్పినవారు జెసూయిట్లే యైనను, చూచినదానిని దాచలేదు.

ఇక ఈగల పరీక్షకు వత్తము. ఆ కాలమున యూరపుఖండమున చదువుకొన్నవారు సైతము, చిన్న ప్రాణులు తల్లిదండ్రులు లేకయే పుట్టునని నమ్మిరి. కుళ్లిన మాంసమునుండి పురుగులు, ఎద్దు కళేబరమునుండి తేనెటీగలు, మురికి చొక్కాను గోధుమలలో నుంచిన ఎలుకలు పుట్టునని గ్రంథములలో వ్రాసికొనిరి. వారిని చూచి మనము నవ్వనక్కఱలేదు. మన పూర్వులును ప్రాణులను జరాయుజములు, అండజములు, స్వేదజములు, ఉద్భిజ్జములని నాలుగు విధములుగా విభజించి, పేలు మొదలగువానిని చెమటనుండి పుట్టినవానిగా నెంచిరి. పేడనుండి తేలు పుట్టుట సంస్కృత శాస్త్రగ్రంథములలో దృష్టాంతముగా వాడబడినది. నేటికిని బియ్యములో పురుగు తానై పుట్టెనని మన యిండ్లలో ననుచునే యున్నాము.

రెడి మొదట చచ్చిన పాములను ఒక పెట్టెలో నుంచి కనిపెట్టెను. వానికి పురుగులు పట్టెను. ఆ పురుగులు తిని పెరిగి, కొన్నిదినములకు కదలక గట్టిపడి గ్రుడ్లవంటి రూపము దాల్చెను. ఆయన వానిని వేఱువేఱుగా సీసాలలో మూసి యుంచగా, ఒక్కొక్కదానినుండి ఒక్కొక్క ఈగ వెలువడెను. ఏ యీగలు వెలువడెనో ఆ యీగలే అంతకుముందు ఆ మాంసముపై ముసరుచుండుట ఆయన చూచియుండెను. గ్రీకుకవియగు హోమరు కావ్యములో, చచ్చిన మిత్రుని గాయములందు ఈగలు పురుగులను పుట్టించునేమోయని వీరుడొకడు భయపడు ఘట్టము కలదు. అది రెడికి జ్ఞప్తికి వచ్చెను. కవికి తెలిసినది పండితులకేల తెలియలేదని ఆయన యాశ్చర్యపడియుండును!

అంతట ఆయన జూలైమాసపు ఎండలలో వెడల్పు మూతిగల నాలుగు సీసాలు తీసికొని, ఒకదానిలో పామును, ఒకదానిలో ఏటిచేపలను, ఒకదానిలో ఆర్నో నదిలోని మలుగుచేపలను, ఒకదానిలో దూడమాంసమును వేసి, మూతులకు కాగితము కప్పి త్రాటితో బిగించెను. అట్టివే మఱి నాలుగు సీసాలను అవే పదార్థములతో నింపి, మూతులు తెఱచియే యుంచెను. తెఱచిన సీసాలలో ఈగలు దూఱుచు వెడలుచు నుండెను. కొలదిదినములలో పురుగులు నిండెను. మూసిన సీసాలలో మాంసము కుళ్లి కంపు కొట్టెను గాని ఒక్క పురుగైనను లేదు. కాగితముపై మాత్రము పురుగులు లోనికి దారి వెదకుచు తిరుగుచుండెను. ఇట్లు రెండు వరుసలు పెట్టి, ఒక్క విషయము తప్ప తక్కినవన్నియు సమముగా నుంచి చూచుట నేడు ప్రతి ప్రయోగశాలలోను నియమము. ఆ నియమమును ఇంత స్పష్టముగా నాచరించిన మొదటివారిలో రెడి యొకడు.

మూసిన సీసాలలో గాలి యాడకపోవుటచేతనే పురుగులు పుట్టలేదని ప్రతిపక్షులు చెప్పవచ్చును. అందుచే ఆయన కాగితమునకు మాఱుగా నేపుల్సు పట్టణపు పలుచని వలగుడ్డను కట్టెను. గాలి లోనికి పోయెను, ఈగ పోలేకపోయెను. ఈగలు కంపునకు వచ్చి ఆ గుడ్డమీదనే గ్రుడ్లు పెట్టెను. మాంసములో పురుగు లేదు. అంతటితో వాదము తీఱినది.

1668లో ఈ గ్రంథము వెలువడగానే కొందఱు, ఇది పరిశుద్ధగ్రంథమునకు విరుద్ధమని కేకలు వేసిరి. సమ్సోను చంపిన సింహపు కళేబరములో తేనెటీగలు పుట్టలేదా యని వారి ప్రశ్న. న్యాయాధిపతుల గ్రంథము 14వ అధ్యాయమును విప్పి చదువుడు. కళేబరములో తేనెటీగల గుంపును తేనెయు ఉండెనని మాత్రమే అచ్చట నున్నది. మాంసమునుండి అవి పుట్టెనని లేదు. ఎండిన యస్థిపంజరము తేనెటీగలకు తొఱ్ఱవంటిది. వాక్యములో లేనిదానిని వాక్యమునకు తగిలించి, దానికొఱకు సత్యముతో పోరాడినవారు అన్ని కాలములందును కలరు.

ఇంతవఱకు పాఠ్యపుస్తకములలో నున్నదే. ఇక లేనిది. ఈగల విషయమున గెలిచిన రెడి, అదే గ్రంథములో మఱొక విషయమున ఆగిపోయెను. గొఱ్ఱె కార్జమును కోసినచో పిత్తనాళములలో చిన్న యాకువలె చదునైన పురుగులు కానవచ్చును. మనవారు వానిని కార్జపు జలగలందురు గాని అవి జలగలు కావు. యూరపులో గొఱ్ఱెలకాపరులు వానిని చిరకాలమునుండి యెఱుగుదురు. 1379లోనే జెహాన్ ద బ్రీ యను ఫ్రెంచివాడు వానిని గూర్చి వ్రాసియుండెను. రెడి ఆ పురుగును పరిశీలించి, దాని బొమ్మను తన గ్రంథమున ముద్రించెను. జింక తలలోని పురుగులను, మనుష్యుల ప్రేగులలోని పురుగులను గూర్చియు వ్రాసెను. ఇవి యెక్కడనుండి వచ్చెను?

మాంసపు సీసాకు మూతి కలదు. ఆ మూతిని గుడ్డతో కట్టవచ్చును. బ్రతికియున్న గొఱ్ఱె కార్జమునకు మూతి యేది? పక్కటెముకల క్రింద, చర్మముచేతను కండచేతను నలువైపుల మూయబడిన ఆ చోటికి ఏ యీగ పోయి గ్రుడ్డు పెట్టగలదు? దారి కనబడలేదు. దారి కనబడనందున రెడి ఒక యూహ చేసెను. చచ్చినదానినుండి ప్రాణి పుట్టదు నిజమే. కాని జీవముగల చెట్టు ఆకును, పూవును, పండును పుట్టించునట్లే, జీవముగల జంతువులోని జీవశక్తి ఆ పురుగులనుగూడ పుట్టించుచుండవచ్చునని తలంచెను. సిందూరపు చెట్ల కొమ్మలపై లేచు బొడిపెలలోని పురుగులను గూర్చియు ఆయన యట్లే యనుకొనెను. ఆ బొడిపెల సంగతిని అదే దేశస్థుడగు మాల్పీగి పదునొకండేండ్లలోపలనే సరిదిద్దెను. ఒక చిన్న కీటకము చెట్టులో గ్రుడ్డు పెట్టుటచే అవి లేచునని 1679లో అతడు వ్రాసెను. కార్జపు పురుగు సంగతి మాత్రము తేలుటకు రెండువందల సంవత్సరములకు మించి పట్టెను.

ఈ తప్పును పట్టుకొని రెడిని తక్కువ చేయుట నాకు న్యాయముగా తోచదు. ఆయన యూహ తప్పు. కాని ఊహతో తృప్తిపడి కూర్చుండలేదు. తరువాతి పదునాఱేండ్లు ఆయన కత్తి దింపలేదు. రాజుగారి జంతుశాలలో సింహము చచ్చినను, వేటగాండ్రు నక్కను తెచ్చినను, వంటశాలకు కుందేలు వచ్చినను, సముద్రమునుండి పెద్ద చేప వచ్చినను, మొదట రెడి బల్లమీదకు పోవలసినదే. 1684లో ఫ్లారెన్సునందు వెలువడిన ఆ గ్రంథమునకు, జీవించు జంతువులలో నుండు జీవించు జంతువులు అని పేరు. ఆరంభమున రెండు తలల పామొకదాని వర్ణనము కలదు. ఆ వింత చూపి చదువరిని లోనికి తీసికొనిపోవును. లోపల నూటికి పైబడిన పురుగుల వర్ణనలు కలవు.

ఎంత నిదానముగా చూచెనో యొక యుదాహరణము. పిల్లల ప్రేగులలో నుండు ఏలికపామునకు లాటినుభాషలో వానపాము పేరే యుండెను. రెండును ఒకే పురుగని, మట్టిలోనిదే కడుపులో చేరెనని పలువురు నమ్మిరి. పైకి చూచిన పోలిక లేకపోలేదు. రెడి రెండింటిని నిలువున చీల్చి, లోపలి యవయవములు ఒకదానితో నొకటి పొందవని చూపెను. ఒకటి వానపాము, ఒకటి వేఱు జాతి. కుందేటి కడుపులోని పొరలకంటియుండు నీటిబొబ్బలవంటివానినిగూడ ఆయన గమనించెను. అవి రోగపు బొబ్బలు కావని, కుక్క ప్రేగులలోని బద్దెపురుగునకు శైశవరూపములని జర్మనీదేశపు వైద్యుడగు క్యూఖెన్‌మైస్టరు వానిని కుక్కలకు తినిపించి ఋజువు చేయుటకు పందొమ్మిదవ శతాబ్దము నడిమి వఱకు ఆగవలసివచ్చెను. కుందేలును కుక్క తినును. కుక్క మలముతోడి గ్రుడ్లు గడ్డిపై పడును. గడ్డిని కుందేలు తినును. రెడి కుందేలును చూచెను, కుక్కను చూచెను, రెండింటిలోని పురుగులను చూచెను. నడుమనున్న దారము మాత్రము ఆయన చేతికి చిక్కలేదు.

పురుగులను చంపు మందులనుగూడ ఆయన పరీక్షించెను. తీపి తినిన కడుపులో పురుగులు పుట్టునని, చేదు త్రాగిన చచ్చునని ఆ దేశపు తల్లులును నమ్మిరి. మన తల్లులు బెల్లము దాచి వేపరసము పోయుట యీ నమ్మకముచేతనే గదా. రెడి కొన్ని పురుగులను చక్కెర నీటిలోను, కొన్నిటిని చేదు కషాయములలోను, పోల్చి చూచుటకు కొన్నిటిని ఉత్త నీటిలోను వేసెను. చక్కెర నీటిలోనివి త్వరగా చచ్చెను. పలు చేదు నీళ్లలోనివి చాలసేపు బ్రతికియుండెను. గిన్నెలోని సంగతి కడుపులోని సంగతి యొకటి కాదు గనుక, దీనిని చూచి ఎవరును పిల్లలకు చక్కెర మందుగా పెట్టరాదు. ఏలికపాము తీపిచేత పుట్టదు, మట్టి చేతులతో నోట బడిన దాని గ్రుడ్లచే పుట్టును. 2015 మొదలు నులిపురుగుల నివారణ దినమున మన దేశపు పాఠశాలలలో పంచబడుచున్న అల్బెండజోల్ మాత్ర మొదట పశువైద్యమునకై కనుగొనబడినదని తెలిసిన, దానిని చూచి మొగము ముడుచు బాలురు మఱింత ముడుతురేమో!

1687లో బొనోమో, చెస్టోని యను నిద్దఱు గజ్జికి కారణము చర్మములో దొలుచు నొక సూక్ష్మప్రాణి యని కనిపెట్టి, ఆ సంగతిని రెడి పేర లేఖగా ప్రకటించిరి. గజ్జి పట్టిన పిల్లల చేతులనుండి బీదస్త్రీలు సూదిమొనతో ఆ ప్రాణిని తీయుటయే వారికి మొదటి దారి చూపెను. దీనికి ఎదురుపలికిన పెద్దలు పలువురుండిరి. అనేక సంవత్సరములు లోకము ఆ సత్యమును మఱచెను.

రెడి కేవలము శాస్త్రజ్ఞుడు కాడు, కవి. ఆయన వచనము ఇటలీభాషకు అలంకారమని పేరు. 1685లో టస్కనీ ద్రాక్షారసములను వర్ణించు పెద్ద కావ్యము వ్రాసి కీర్తి గాంచెను. తాను మాత్రము మితముగా త్రాగువాడు. రోగులకు తిరియాకమువంటి పెద్ద మందులు గాక, పథ్యమును, మంచినీటిని, విశ్రాంతిని విధించువాడు. వివాహము చేసికొనలేదు.

ఇక చెప్పుటకు మనస్కరింపకున్నను చెప్పవలసిన దొకటి కలదు. ఫ్లారెన్సులో ఇటలీభాషకు నిఘంటువు కూర్చు పండిత పరిషత్తు కలదు. తవుడను తీసివేసి పిండిని నిలుపుట తమ పనియని దానికి తవుడు పేరే పెట్టుకొనిరి; జల్లెడ వారి గుఱుతు. 1691 నాటి మూడవ కూర్పునకు రెడి చాల పాటుపడెను. ఆయన యందలి మాటలకు ప్రాచీనగ్రంథములనుండి చూపిన ప్రయోగములలో కొన్ని, ఎన్నడును లేని గ్రంథములనుండి ఆయనయే కల్పించినవని ఇరువదవ శతాబ్దపు ఆరంభమున పండితులు కనిపెట్టిరి. కంటియద్దముల పుట్టుకను గూర్చి ఆయన చూపిన ప్రాచీన వ్రాతప్రతియొకటి యట్టిదే యని 1956లో ఎడ్వర్డ్ రోజెన్ అను చరిత్రకారుడు వెల్లడించెను. ఈగల యెదుట అంత నిక్కచ్చిగా నిలిచినవాడు మాటల యెదుట ఏల ఇట్లు చేసెనో! వినోదమునకని కొందఱు, తన యూరి కీర్తికని కొందఱు చెప్పుదురు. నాకు ఏ సమాధానమును సరిపడుట లేదు. తవుడు పరిషత్తు జల్లెడలోనే తవుడు పోసినవా డాయన. ఒక్కటి మాత్రము చెప్పవచ్చును: ఆయన నిఘంటువులోని ప్రయోగములను నమ్ముటకు ఆయన మాటయే యాధారము, సీసాల పరీక్షను ఎవరైనను తమ పెరటిలో చేసి చూచుకొనవచ్చును. అందుచేతనే మొదటివి కూలెను, రెండవది నిలిచెను.

తుదిదినములలో ఆయనకు మూర్ఛరోగము వచ్చెను. 1697వ సంవత్సరము మార్చి 1వ తేదీన పీసాలో, పడకమీదనే ప్రాణము విడిచెను. దేహమును స్వస్థలమగు అరెజ్జోకు కొనిపోయి సమాధి చేసిరి. ఫ్లారెన్సులోని ఉఫీజీ సౌధపు స్తంభముల నడుమ టస్కనీ మహాపురుషుల శిలావిగ్రహములతో ఈయన విగ్రహమును నేటికి కలదు.

గొఱ్ఱె కార్జపు పురుగు కథ ఆయనతో ముగియలేదు. దాని దారి ఒక నత్త కడుపులో నుండెను. ఆ కాలమున ఎవరు మాత్రము అచ్చట వెదకుదురు? నీటి నత్తల దేహములో తిత్తులవలె కదలు కొన్ని పురుగులను శాస్త్రజ్ఞులు అప్పుడప్పుడు చూచుచు వచ్చిరి గాని అవి యేమియో తెలియలేదు. 1837లో ఇటలీవాడగు దె ఫిలిప్పి ఆ తిత్తిరూపమునకు రెడి స్మారకముగా రెడియా యని నామకరణము చేసెను.

1879–80 శీతకాలమున ఇంగ్లండులో వానలు మితిమీఱి పచ్చికబయళ్లు నానిపోగా, కార్జపు పురుగుచే ముప్పదిలక్షల గొఱ్ఱెలు చచ్చెనని లెక్క. ఎన్నియో కుటుంబములు చితికిపోయెను. అప్పుడు ఆక్సుఫర్డులో తామస్ అను యువకుడును, జర్మనీలో లాయిపుజిగు నగరమున లాయికార్టు అను వృద్ధపండితుడును ఎవరికి వారే పరిశోధించి, 1882–83 ప్రాంతమున ఆ దారిని కనుగొనిరి. పురుగు గ్రుడ్లు పిత్తముతో ప్రేగులకు, ప్రేగులనుండి పెంటికలతో నేలకు వచ్చును. ఒక్క పురుగు దినమునకు వేలకొలది గ్రుడ్లు పెట్టును. నీరు తగిలిన గ్రుడ్డునుండి కంటి కానని ఈతపురుగు వెలువడి, ఒక దినములోపల తగిన నత్త దొరికిన దాని దేహములో దూఱును, లేకున్న చచ్చును. నత్తలో అది సంచిగా మాఱును. ఆ సంచిలో రెడియాలు పుట్టి, నత్త కార్జమును తినుచు పెరుగును. రెడియాలలో తోకగల చిన్న పురుగులు పుట్టి బయటపడి, గడ్డిపరకల నంటి, తోక విడిచి, గట్టి కవచము చుట్టుకొని వేచియుండును. ఒక్క యీతపురుగునుండి ఆఱువందలకు పైగా ఇట్లు పుట్టవచ్చును. ఆ గడ్డిని గొఱ్ఱె మేయును. కడుపులో కవచము కరగి, పురుగు ప్రేగుగోడను తొలుచుకొని కార్జమును చేరి, ఆఱేడు వారములు దానిని తినుచు తిరిగి, తుదకు పిత్తనాళములలో స్థిరపడును. రెడి వెదకిన మూతి గొఱ్ఱె నోరే!

మన యెండదేశములలో ఈ జాతిలోనే యింకను పెద్దదగు పురుగు గొఱ్ఱెలను బఱ్ఱెలను పీడించును. నత్త వేఱైనను దారి యదే. చెఱువులు ఇంకుచుండగా గట్టుల లోపలి తడినేలలో పచ్చగా లేచు గడ్డికి మందలను తోలుట, వరికోఁతల పిదప తడి మళ్లలో మేపుట దీనికి వాకిలి తెఱచుటయే. కొన్ని నెలలకు జీవము చిక్కిపోవుట, కనురెప్పల లోపలిభాగము తెల్లబాఱుట, దవడక్రింద నీరు దిగి సంచివలె వ్రేలాడుట దీని గుఱుతులు. ఆ గుఱుతులు కనబడు వఱకు ఆగక, పశువైద్యుని యడిగి వేళకు మందు త్రాగించుట, తడినేలల మేపు మాన్పుట చేయవలెను. తిరుపతిలోను, గన్నవరములోను, రాజేంద్రనగరములోను గల పశువైద్య కళాశాలలలో చదువు విద్యార్థులు చెఱువునత్తను చిదిమి, సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూచి, పేరుపేరున గుర్తింపవలసిన రూపములలో రెడియా యొకటి.